గట్టి పాలకుడా? గట్టిగా అడిగే హక్కా?

"ఈ దేశానికి ఒక గట్టి మనిషి కావాలండీ. కర్ర పుచ్చుకు కూర్చుంటే గాని ఎవడూ దారికి రాడు."

ఈ మాట ఇప్పుడు పల్లెల్లో ఎక్కడబడితే అక్కడ వినబడుతోంది. టీ బడ్డీ దగ్గర చదువుకున్న కుర్రాళ్లు అంటున్నారు. నాట్ల మధ్యలో గట్టెక్కి సద్దికూడు తినే ఆడకూలీలూ అంటున్నారు. రేషను కార్డు కోసం పదిసార్లు తిరిగినవాడు, పట్టాదారు పుస్తకంలో తప్పు పడ్డ పేరు దిద్దించుకోడానికి చెప్పులరగదీసుకున్న చిన్నరైతు, చేసిన పనికి కూలి డబ్బులు నెలల తరబడి రాక కళ్లు కాయలు కాసిన తల్లి అంటున్నారు. వీళ్ల నోట ఆ మాట రావడంలో వింతేమీ లేదు. దాని వెనక ఉన్నది నియంత మీద ప్రేమ కాదు. ప్రతి ఆఫీసు గుమ్మం దగ్గరా రోజూ తగిలే అవమానం.

కాబట్టి ఆ మాటన్నవాళ్లని ఎగతాళి చెయ్యకూడదు. వాళ్లను ఒక్క ప్రశ్న అడగాలి: ఆ గట్టి మనిషి వచ్చాక కర్ర ఎవరి వీపు మీద పడుతుంది?

దీనికి జవాబు ఊహించి చెప్పనక్కర్లేదు. మన దేశం 21 నెలల పాటు, 1975 జూన్ 25 రాత్రి నుంచి 1977 మార్చి 21 దాకా, ఆ రుచి చూసింది. ఇవాళ పొలాల్లో పనిచేసేవాళ్లలో చాలామంది అప్పటికి పుట్టలేదు. పుట్టిన పెద్దవాళ్లని కదిలిస్తే రెండు రకాల మాటలు వస్తాయి. "ఇందిరమ్మ రోజుల్లోనే కదయ్యా మాకు ఇళ్ల స్థలాలొచ్చింది" అంటుంది ఒక ముసలమ్మ. "ఆ రోజుల్లోనే కదా సంఘపోళ్లని రాత్రికి రాత్రి జైల్లో వేసింది" అంటాడు పక్కనున్న ముసలాయన. ఇద్దరు చెప్పేదీ నిజమే. ఈ రెండు నిజాలకూ ఉన్న లంకె ఏమిటో తేల్చుకోవడమే ఇప్పుడు మన పని.

చట్టం వాకిట్లోంచే వచ్చింది

నియంతృత్వం అంటే సైన్యం ట్యాంకులతో వచ్చి పార్లమెంటును చుట్టుముట్టడమే అనుకుంటారు చాలామంది. 1975లో అలా రాలేదు. చట్టం వాకిట్లోంచే నడిచి వచ్చింది.

1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి జగ్‌మోహన్‌లాల్ సిన్హా, రాయబరేలీ నుంచి 1971లో ఇందిరాగాంధీ గెలిచిన ఎన్నిక చెల్లదని తీర్పిచ్చాడు. ఆరేళ్లు ఎన్నికల్లో నిలబడరాదన్నాడు. జూన్ 24న సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆమెకు సగం ఊరట మాత్రమే ఇచ్చాడు: ప్రధానిగా ఉండవచ్చు, లోక్‌సభలో ఓటు వెయ్యరాదు. ఆ మర్నాడు రాత్రే రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ సంతకంతో, దేశానికి "అంతరంగిక కల్లోలం" వచ్చిపడిందని చెప్పి, రాజ్యాంగం 352వ అధికరణం కింద ఎమర్జెన్సీ ప్రకటించారు. మంత్రివర్గానికి ఆ సంగతి చెప్పి ఆమోదం తీసుకున్నది తెల్లవారాక. ఆ రాత్రి ఢిల్లీలో పత్రికాఫీసులున్న వీధికి కరెంటు తీసేశారు. నాయకులను నిద్రలేపి జైళ్లకు పంపారు. జూన్ 27న మరో ఉత్తర్వుతో, ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన హక్కుల కోసం కోర్టుకెక్కే దారి కూడా మూసేశారు.

ఇందులో ప్రతి అడుగుకీ ఒక అధికరణం, ఒక సంతకం, ఒక ముద్ర ఉన్నాయి. తర్వాత పార్లమెంటు కూడా చేతులెత్తింది. ప్రధాని ఎన్నిక మీద కోర్టులు విచారించకూడదని 39వ సవరణ చేశారు. లోక్‌సభ గడువు ఐదేళ్లు చాలదని, ఎన్నికలు పెట్టకుండానే పొడిగించుకున్నారు. 42వ సవరణతో దాన్ని ఆరేళ్లు చేశారు. అంటే ప్రజాస్వామ్యం ఇంటికి వేసిన తాళం చెవులు ఆ ఇంట్లోనే, ఒకే గూట్లో ఉన్నాయి. ఇంటివాళ్లు నిద్రపోతే తీసుకోవడం ఎంతసేపు?

ఇచ్చిన చెయ్యే నోరు మూసింది

1975 జూలై 1న 20 సూత్రాల కార్యక్రమం ప్రకటించారు. అందులో మనకు పనికొచ్చే మాటలు చాలానే ఉన్నాయి. భూపరిమితి చట్టాలు అమలు చేస్తాం, మిగులు భూములు పంచుతాం. ఇల్లు లేనివాడికి ఇంటి స్థలం ఇస్తాం. వెట్టిచాకిరి రద్దు. పల్లెల్లో పేదల అప్పుల వసూళ్లు ఆపుతాం. వ్యవసాయ కార్మికుల కనీస వేతనాలు సవరిస్తాం. ఏళ్ల తరబడి కూలి సంఘాలు ఊరూరా మొత్తుకున్న కోర్కెలే ఇవి. అందుకే చాలామంది బోల్తాపడ్డారు. ఎర్రజెండా పట్టినవాళ్లలో కూడా ఏకాభిప్రాయం లేదు. సీపీఎం ఎమర్జెన్సీని వ్యతిరేకించింది. సీపీఐ సమర్థించి, 1978లో భటిండా మహాసభలో అది తప్పేనని ఒప్పుకుంది.

మరి ఆ సూత్రాల వల్ల మేలు జరగలేదా? కొంత జరిగింది. ఇళ్ల స్థలాల పట్టాలు వచ్చాయి. ఆ ముసలమ్మ గుడిసె ఉన్న మూడు సెంట్లు అలా వచ్చిందే. దాన్ని కాదనడం అన్యాయం. కాని దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. పైన ఢిల్లీలో వరం ఇచ్చారు. కింద ఊళ్లో పూజారి ఎవరు? కరణం, మునసబు, వాళ్ల వెనక కామందు. ఆ పూజారిని నిలదియ్యగల సంఘాన్ని తీసుకెళ్లి జైల్లో పెట్టారు.

భూపరిమితి సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 1973లో చేసిన చట్టం 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. భూమి తరగతిని బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు ఒక కుటుంబానికి పరిమితి. కాగితం మీద చక్కని లెక్క. కాని ఏ చెక్క నిజంగా ఎవరిదో, ఏ పట్టా పాలేరు పేర ఉందో, ఏది చుట్టాల పేర దాచారో రెవెన్యూ ఆఫీసుకి తెలియదు. అది దున్నినవాడికి తెలుసు, కలుపు తీసినామెకు తెలుసు. ఆ తెలిసినవాళ్లు నలుగురూ కూడి సభ పెట్టి చెప్పాలంటే నలుగురు కూడటమే నేరమైన రోజులవి. సాక్షి నోరు కట్టేసి దొంగని పట్టుకుంటామంటే దొరుకుతాడా?

వెట్టి సంగతీ అంతే. 1975 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చారు, 1976లో చట్టం చేశారు. చట్టం మంచిదే. అప్పుకింద జీతం ఉన్నవాడు ఆ అప్పు తీర్చనక్కర్లేదంది. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు అప్పిచ్చినవాడి మీదే పెట్టింది. కాని ఫిర్యాదు పెట్టేదెవరు? జీతగాడు ఒంటరిగా కామందు మీద తాలూకా ఆఫీసుకు వెళ్లగలడా? వెళ్తే సాయంత్రానికి తిరిగి ఏ ఊరికి వస్తాడు?

నిజాం రాజ్యంలోనూ ఇదే చూశాం. వెట్టిని నిషేధిస్తూ ప్రభుత్వం ఫర్మానాలు వెలువరించింది. దొర గడీలో ఆ కాగితం ఎవరు చదివారు? వెట్టి పోయింది ఫర్మానాతో కాదు. ఊరూరా సంఘం పుట్టి, చాకలి ఐలమ్మ లాంటివాళ్లు "ఈ పంట నాది, ఈ చెమట నాది" అని నిలబడ్డప్పుడు పోయింది. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక ఆ నిప్పు పల్లెపల్లెకూ అంటుకుంది.

పట్నం కార్మికులకీ అదే అనుభవం. సమ్మెలు అణిచేశారు. 1975 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి కనీస బోనసు 8.33 శాతం నుంచి 4 శాతానికి కోశారు. అడిగే నోరు లేనప్పుడు ఉన్నదీ పోతుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ప్రాణానికి దిక్కు లేదన్న కోర్టు

ఆ తర్వాత విచారణ జరిపిన షా కమిషన్ లెక్కల ప్రకారం, "మీసా" అనే చట్టం కింద 34,988 మందిని విచారణ లేకుండా నిర్బంధించారు. దేశరక్షణ నిబంధనల కింద మరో 75,818 మందిని అరెస్టు చేశారు. మొత్తం లక్షా పది వేలకు పైగా. ఎందుకు పట్టుకున్నారో చెప్పనక్కర్లేదు. ఎప్పుడు వదుల్తారో చెప్పనక్కర్లేదు.

వాళ్ల కేసులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. విచారణలో జస్టిస్ ఖన్నా ఒక ప్రశ్న వేశాడు. పోలీసు ఒకడు సొంత పగతో ఒక మనిషిని చంపేస్తే, అప్పుడు కూడా కోర్టుకొచ్చే దారి లేదా? ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదనే ప్రభుత్వ ప్రధాన న్యాయవాది చెప్పాల్సి వచ్చింది. 1976 ఏప్రిల్ 28న ఐదుగురు జడ్జీల్లో నలుగురు ప్రభుత్వం పక్షానే తీర్పిచ్చారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే కాదన్నాడు. ఆ కాదన్నందుకు 1977 జనవరిలో ఆయన్ని దాటేసి వెనకున్నవారిని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆయన రాజీనామా చేసి ఇంటికి వెళ్లాడు. ఆ నలుగురి తీర్పు తప్పని సుప్రీంకోర్టు నోరు తెరిచి చెప్పడానికి 2017 దాకా పట్టింది.

మన రాష్ట్రంలో ఆ తీర్పు దాకా కూడా ఆగలేదు. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను కాల్చి "ఎన్‌కౌంటర్" అన్నారు. ఆదిలాబాదు జిల్లా రైతు కార్యకర్తలు భూమయ్య, కిష్టాగౌడ్‌లకు పడ్డ ఉరిశిక్ష, అంతకుముందు దేశంలో లేచిన ఆందోళన వల్ల వాయిదా పడుతూ వచ్చింది. ఎమర్జెన్సీలో ఆందోళన చేసే దారి లేదు. 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైల్లో ఇద్దరినీ ఉరి తీశారు. వాళ్లు నమ్మిన దారితో ఏకీభవించినా, ఏకీభవించకపోయినా ఒక సంగతి చూడాలి. నలుగురి గొంతు ఉన్నంతకాలం ఆగిన ఉరితాడు, గొంతు నొక్కాక బిగిసింది.

పైనుంచి హుకుం వస్తుంది, కిందినుంచి నిజం పోదు

"ఆ రోజుల్లో ఆఫీసర్లు టైముకొచ్చేవాళ్లంట, రైళ్లు టైముకు నడిచేవంట" అంటారు. అధికారి భయపడితే పని జరుగుతుందని మనవాళ్ల నమ్మకం. కాని అధికారి ఎవరికి భయపడుతున్నాడన్నది చూసుకోవాలి. ప్రజాస్వామ్యంలో కింద ఉన్న మనకు కొద్దో గొప్పో భయపడాలి. నియంతృత్వంలో పైవాడికి మాత్రమే భయపడతాడు. పైవాడికి భయపడే అధికారి మన పని చెయ్యడు, పైవాడికి చూపించే లెక్క తయారుచేస్తాడు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్లే చూడండి. 1976-77కి 43 లక్షల టార్గెట్ పెడితే 81 లక్షలు చేసి చూపించారు. అది జనం ఇష్టపడి ముందుకొచ్చిన లెక్క కాదు. ఉత్తరాదిన టీచర్లకు, చిన్న ఉద్యోగులకు ఇంతమందిని తీసుకురాకపోతే జీతం ఆపుతామన్నారు. ఆ టీచరు ఎవరి ఇంటికి పోతాడు? భూస్వామి ఇంటికి పోడు. కూలివాడి గుడిసెకు పోతాడు. హర్యానాలో ఉటావర్ ఊరిని 1976 నవంబరులో పోలీసులు తెల్లారకుండా చుట్టుముట్టి మగవాళ్లను పట్టుకుపోయారు. పెళ్లి కాని వాళ్లకు కూడా కోశారని 548 ఫిర్యాదులు, ఆపరేషన్లతో ముడిపడ్డ 1,774 చావులు షా కమిషన్ ముందుకొచ్చాయి. ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు దగ్గర 1976 ఏప్రిల్‌లో పేదల ఇళ్లు బుల్డోజర్లతో కూల్చి, అడ్డంపడ్డ వాళ్ల మీద కాల్పులు జరిపారు. ఇవేవీ పత్రికల్లో రాలేదు. సెన్సారు రానివ్వలేదు. పత్రిక నోరు కడితే నష్టం పత్రికకే అనుకోకండి. పక్క ఊళ్లో ఏం జరిగిందో మనకు తెలియకుండా పోతుంది.

పేదల పేరు చెప్పుకునే రాజ్యంలోనైనా ఈ రోగం ఒక్కటే. చేదుగా ఉన్నా చెప్పుకోవాలి. చైనాలో 1958 తర్వాత కింది అధికారులు పైవాళ్ల మెప్పు కోసం పంట దిగుబడులు ఉన్నదానికి ఎన్నో రెట్లు పెంచి రాశారు. ఆ దొంగలెక్కల మీద రాజ్యం ధాన్యం వసూలు చేసింది. పండించినవాడి ఇంట్లో గింజ మిగల్లేదు. ఇది తప్పని 1959లో మావోకు ఉత్తరం రాసిన పెంగ్ దెహువాయ్, విప్లవ సేనాని అయ్యుండి కూడా, పదవి పోగొట్టుకున్నాడు. ఆ కరువులో పోయిన ప్రాణాలు కోట్లలో ఉంటాయి. అమర్త్యసేన్ చెప్పింది ఇదే. పత్రికలు, ఎన్నికలు, ప్రతిపక్షం సరిగా పనిచేసే దేశంలో పెద్ద కరువుచావులు రావు. తెల్లవాడి పాలనలో 1943లో బెంగాల్లో సుమారు 30 లక్షల మంది పోయారు. అక్కడా ముందు పోయింది కూలివాళ్లే. ఓటు, పత్రిక, సభ అనేవి కడుపు నిండినవాడి ముచ్చట్లని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

ఓటుతో లేచింది, మరి మన దగ్గర?

1977 జనవరిలో, గెలుస్తామన్న ధీమాతో ఎన్నికలు ప్రకటించారు. కిందినుంచి నిజం పోలేదు కదా, ఆ ధీమా అలా వచ్చింది. మార్చిలో ఓట్లు పడ్డాయి. ఉత్తరప్రదేశ్‌లో 85 స్థానాలకు గాను కాంగ్రెసుకు ఒక్కటి రాలేదు. బీహారులో 54కి ఒక్కటి రాలేదు. రాయబరేలీలో ప్రధానే 55 వేల ఓట్ల తేడాతో ఓడిపోయింది. చదువురాదని అందరూ తీసిపారేసిన వేలిముద్ర జనం, పెద్ద పెద్ద వకీళ్లూ జడ్జీలూ చెయ్యలేని పని చేశారు.

కాని ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 41 కాంగ్రెసుకే వచ్చాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా నుంచి గెలిచారు. ఇది మనం దాటేసే సంగతి కాదు. మన తాతలు తెలివితక్కువ వాళ్లా? కాదు. ఉత్తరాదిన జరిగినంత ఘోరంగా ఇక్కడ ఆపరేషన్ల దాడి జరగలేదు. అక్కడ జరిగింది ఇక్కడికి తెలియలేదు. జనతాకు మన పల్లెల్లో వేళ్లు లేవు. చేతిలో ఇంటి పట్టా ఉంది. ఆ పట్టా ఇచ్చిన చేతికి ఓటు పడింది. ఆకలిగా ఉన్నవాడు పెట్టిన చెయ్యి చూస్తాడు. అందులో తప్పు పట్టడానికి లేదు.

ఇక్కడే మొదట అడిగిన లంకె దొరుకుతుంది. పట్టా దానంగా వచ్చింది. అడిగే హక్కు మాత్రం దానం చేసే వస్తువు కాదు. దానంగా వచ్చినదాన్ని రేపు తీసేసినా, పక్కవాడికి ఎగ్గొట్టినా అడగలేం. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. అడిగితే జైల్లో పెట్టే అమ్మ పెట్టిన అన్నం ఎన్నాళ్లు?

అదే చట్టం, నోరొచ్చాక

ఎమర్జెన్సీలో చేసిన వెట్టి నిషేధ చట్టం ఏమైందో చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం స్టేడియాలు, వంతెనలు కట్టిన కూలీలకు కాంట్రాక్టర్లు కనీస వేతనం ఎగ్గొట్టారు. ఎమర్జెన్సీ అనుభవంలోంచే పుట్టిన పౌరహక్కుల సంఘం ఒకటి సుప్రీంకోర్టుకెక్కింది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకునే ఏ పనైనా రాజ్యాంగం నిషేధించిన వెట్టిచాకిరే అవుతుందని కోర్టు తీర్పు చెప్పింది. మరుసటేడు రాతి క్వారీల వెట్టి కూలీల కేసులో, వెట్టివాళ్లను గుర్తించి విడిపించి బతుకు చూపించే బాధ్యత ప్రభుత్వానిదేనంది. 1976లో పుట్టిన చట్టానికి ప్రాణం వచ్చింది 1977 తర్వాత. చట్టం అదే, అక్షరాలు అవే. మారిందల్లా ఒకటి: అడిగే మనిషి బయట ఉన్నాడు.

ఇటీవలి సంగతి కూడా చెప్పుకుందాం. 2020 జూన్‌లో కరోనా కాలంలో మూడు వ్యవసాయ ఆర్డినెన్సులు తెచ్చారు. రైతును అడగలేదు. సెప్టెంబరులో రాజ్యసభలో ఓట్లు లెక్కపెట్టండని ప్రతిపక్షం పట్టుబట్టినా మూజువాణి ఓటుతో అయిందనిపించారు. నవంబరు నుంచి రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పాటు చలికీ వానకీ ఎండకీ కూర్చున్నారు. 2021 నవంబరులో ఆ చట్టాలు వాపసు పోయాయి. ఎన్నికైన ప్రభుత్వం కూడా ఎవరినీ అడక్కుండా హుకుం జారీ చెయ్యగలదు, అది మొదటి పాఠం. రోడ్డు మీద కూర్చునే జాగా ఇంకా ఉంటే దాన్ని వెనక్కి తిప్పవచ్చు, అది రెండో పాఠం. 1976లో ఆ జాగా లేదు.

ఊరి చావడి దాటని ప్రజాస్వామ్యం

ఇంతవరకూ ఢిల్లీ నియంతృత్వం సంగతి. మరి ఊళ్లో నియంతృత్వం?

1977 మార్చిలో ప్రజాస్వామ్యం తిరిగొచ్చిందని దేశమంతా పండగ చేసుకుంది. రెండు నెలలు తిరిగేసరికి, మే 27న, బీహారులోని బేల్చి గ్రామంలో 11 మందిని చంపి మంటల్లో వేశారు. అందులో 8 మంది దళితులు. చంపింది ఊరి పెత్తందార్లు. అంతకు ముందు 1968 డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీళవెణ్మణిలో, కూలి పెంచమని అడిగి సంఘం పెట్టుకున్నందుకు, 44 మంది దళితులను గుడిసెలో పెట్టి తగలబెట్టారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. అప్పుడు దేశంలో ఎమర్జెన్సీ లేదు. మన కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురిని చంపినప్పుడూ లేదు. తాగే చెరువు నీళ్లు పాడు చెయ్యొద్దని ఒక మాదిగ ఆడకూతురు నోరెత్తడంతో మొదలైంది ఆ గొడవ. నోరెత్తడమే నేరం! ఎమర్జెన్సీలో దేశం మొత్తానికీ పెట్టిన చట్టం, ఊళ్లో వెలివాడకు తరతరాలుగా ఉన్నదే.

అంబేద్కర్ ఈ సంగతి రాజ్యాంగం రాస్తున్నప్పుడే చెప్పాడు. మన నేల స్వభావం ప్రజాస్వామ్యం కాదనీ, దాని మీద ప్రజాస్వామ్యం పైపైన చల్లినట్టుగా మాత్రమే ఉందనీ 1948 నవంబరులో హెచ్చరించాడు. సేద్యం తెలిసినవాళ్లం మనం. దుక్కి లోతుగా దున్నకుండా పైన చల్లిన ఎరువు మొదటి వానకే కొట్టుకుపోతుందని మనకు ఒకరు చెప్పాలా? 1975 జూన్‌లో వచ్చింది అలాంటి వానే. మరుసటేడు, 1949 నవంబరు 25న, ఇంకో మాట చెప్పాడు. ఎంత గొప్పవాడైనా ఒక మనిషి పాదాల దగ్గర మన స్వేచ్ఛను పెట్టకూడదు, రాజకీయాల్లో వ్యక్తిపూజ చివరికి నియంతృత్వానికే దారి తీస్తుందన్నాడు.

ఈ రెండు మాటలకూ సంబంధం ఉంది. ఊళ్లో దొర ముందు చేతులు కట్టుకు నిలబడటం అలవాటైన మనిషి, ఢిల్లీలో దొర వచ్చినా చేతులు కట్టుకునే నిలబడతాడు. ఊరి కామందు దయ మీద బతకడం నేర్చినవాడికి, దేశానికీ ఒక దయగల కామందు ఉంటే బాగుండుననిపిస్తుంది. "గట్టి మనిషి కావాలి" అన్న మాటకు వేరు అక్కడుంది. కాబట్టి ఢిల్లీ నియంతృత్వంతో పోరు మొదలెట్టాల్సింది ఊరి చావడి దగ్గరే.

మన చేతిలో ఉన్న పని

1978లో 44వ సవరణ చేశారు. ఇప్పుడు "అంతరంగిక కల్లోలం" అని చెప్పి ఎమర్జెన్సీ పెట్టడానికి లేదు, సాయుధ తిరుగుబాటు ఉండాలి. మంత్రివర్గం రాతమూలకంగా చెప్పాలి. నెలలోగా పార్లమెంటు మూడింట రెండొంతుల ఓట్లతో ఒప్పుకోవాలి. ప్రాణ హక్కును ఎమర్జెన్సీలో కూడా ఆపడానికి వీల్లేదు. ఇవి మంచి గొళ్లాలు. కాని ఆ వాకిలి బిగించాక దొడ్డిదారి వెతుక్కోరని ఏముంది? అదే 1978లో మీసా రద్దయింది. 1980లోనే విచారణ లేకుండా నిర్బంధించే జాతీయ భద్రతా చట్టం వచ్చింది. పేరు పెట్టి ప్రకటించనక్కర్లేదు. సభకు పర్మిషన్ ఇవ్వకపోతే చాలు. అడిగినవాడి మీద కేసు పెడితే చాలు. పత్రిక దానంతటదే నోరు మూసుకుంటే చాలు.

అందుకని ప్రజాస్వామ్యాన్ని ఐదేళ్లకోసారి వేలికి పూసుకునే సిరా చుక్కగా చూడకూడదు. దాన్ని రోజూ వాడాలి. వాడని కొడవలి తుప్పు పడుతుంది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. గ్రామసభ పెట్టారా అని అడగండి. పెట్టామని దొంగ సంతకాలతో తీర్మానం రాసి ఉంటే ఆ పుస్తకం చూపించమనండి. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. అదే ఏడు ఉపాధి హామీ చట్టమూ వచ్చింది. ఆ పనుల మీద మన రాష్ట్రంలో జరిగిన సామాజిక తనిఖీల్లో, మస్టరు రోలు ఊరి మధ్య గట్టిగా చదివించారు. చచ్చిపోయినవాళ్ల పేర దొంగ కూలి రాసిన సంగతి అలా చదివితేనే కదా బయటపడింది! అక్షరం రాని ఆడకూలీ లేచి "నేనా పనికి పోలేదు, నా పేరెందుకుంది?" అని అడిగిన ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నంత ప్రజాస్వామ్యం పెద్ద పెద్ద భవనాల్లో కూడా కనబడదు.

ఇదే కొలబద్ద మన సంఘానికీ వర్తిస్తుంది. సంఘం చందా లెక్క ఏడాదికోసారి సభ్యులందరి ముందు చదవాలి. కార్యదర్శిని సభ్యులే ఎన్నుకోవాలి, అవసరమైతే దించగలగాలి. నాట్లలో, కోతల్లో సగానికి మించి ఉన్నది ఆడవాళ్లయితే, కూలి రేటు మాట్లాడేటప్పుడు వాళ్లు వెనక నిలబడటం ఏమిటి? లోపల అడగడం నేర్చినవాడే బయట అడగగలడు.

రేపు టీ బడ్డీ దగ్గర ఎవరైనా గట్టి మనిషి కావాలంటే వాదనకు దిగకండి. "నిజమే, గట్టితనం కావాలి. అయితే ఒక్క మనిషిలో కాదు, మన అందరిలో" అనండి. పట్టాదారు పుస్తకంలో పేరు దిద్దించుకోవాలంటే పదిమందిని వెంటబెట్టుకుని ఆఫీసుకు పదండి. ఒక్కడు పోతే రేపు రమ్మంటారు. పదిమంది పోయి కూర్చుంటే కుర్చీ చూపిస్తారు. ఆ కుర్చీ ఏ నియంతా వెయ్యడు. దాన్ని మనమే వేయించుకోవాలి.